దారం గళ్ళ సత్యభామ

మొన్న సంక్రాంతికి మా మనవరాలు హైదరాబాదు నుంచి వచ్చింది. వచ్చీ రాగానే ఫోను నా మొహం ముందు పెట్టి, "తాతయ్యా, బాహుబలిలో దేవసేన ఎలా ఉందో చూడు" అంది. చూశాను. ఒకరు కాదు, నలుగురు దేవసేనలు. ఎంతసేపు పట్టిందే అంటే, "ఒక్క లైను టైపు చేశా, అరనిమిషంలో వచ్చేశాయి" అంది.

కళ్ళజోడు తెప్పించుకుని తీరిగ్గా చూశాను. మొదటి బొమ్మలో బాణం నారికి తగల్లేదు, గాల్లో ఉంది. రెండోదాంట్లో కుడిచేతికి ఆరు వేళ్ళు. మూడోదాంట్లో ఉన్న పిల్ల కుంతల రాజ్యపు యువరాణిలా లేదు, నగల కొట్టు క్యాలెండరులో అమ్మాయిలా ఉంది. నాలుగోది బాగానే ఉందిగానీ ఆవిడ దేవసేనే అని చెప్పడానికి ఒక్క ఆనవాలూ లేదు, ఎవరి పేరు పెట్టినా సరిపోతుంది.

"ఇవి నువ్వు వేశావా?" అన్నాను.

"వేయించాను తాతయ్యా."

అదీ సంగతి. మీరంతా వేయించే వాళ్ళయ్యారు. మా రోజుల్లో మేం వేసేవాళ్ళం.

మా ఊరు తెనాలికి ఆరు మైళ్ళు. చందమామ పెట్టిన చక్రపాణిగారిది తెనాలి కాబట్టి, మద్రాసులో అచ్చయినా సరే చందమామ మా ఇంటి పత్రికన్నట్టే మాట్లాడుకునేవాళ్ళం. 1947 జూలైలో మొదలైన ఆ పత్రిక, నాకు అక్షరాలు వచ్చేసరికి ఊరూరా పాకిపోయింది. మా గ్రంథాలయానికి వచ్చేది మాత్రం ఒక్కటే ప్రతి. నా వంతు వచ్చేసరికి లోపలి పేజీల మూలలన్నీ నలిగిపోయి ఉండేవి. అట్టను మాత్రం ఎవరూ నలగనిచ్చేవారు కాదు. అట్ట మీద వ.పా. బొమ్మ ఉండేది కదా!

వడ్డాది పాపయ్యగారు శ్రీకాకుళం మనిషి. ఆయన వేసిన ఆడమనిషి నిలబడిన తీరు చూడండి ఎప్పుడైనా. బరువంతా ఒక కాలి మీద, నడుము ఒక పక్కకి, మెడ రెండో పక్కకి. రంగులు ఒకదాంట్లోకి ఒకటి కరిగిపోయినట్టు ఉంటాయి, ఎక్కడ చీర అయిపోయి ఎక్కడ వెన్నెల మొదలైందో పట్టుకోలేం. ద్రౌపది అయినా దేవకన్య అయినా సరే, రెప్పలు సగం వాల్చి ఏదో ఆలోచిస్తూ ఉంటుంది. ఆ ఆలోచన ఏమిటా అని పన్నెండేళ్ళ వయసులో నేను రాత్రిళ్ళు పడుకుని ఆలోచించేవాణ్ణి. 'యువ' పత్రికలో ఆయన వేసిన బొమ్మలైతే పెద్దవాళ్ళు మా చేతికి అందనిచ్చేవారు కాదు, అది వేరే కథ.

బొమ్మ నచ్చితే ఏం చేసేవాళ్ళం? వేసుకునేవాళ్ళం. ముందు దొంగదారి పట్టాను. తెల్లకాగితానికి కొబ్బరినూనె రాసి ఎండలో పెడితే కింది గీత పైకి కనిపిస్తుంది. అలా దించబోతే అట్టకి నూనె మరక అంటింది. గ్రంథాలయం ఆయన నన్ను నెల్లాళ్ళు గడప తొక్కనివ్వలేదు. అప్పుడు మా డ్రాయింగు మాస్టారు గళ్ళ పద్ధతి చెప్పారు. బొమ్మ మీద అంగుళానికో గడి, నీ కాగితం మీద రెండంగుళాలకో గడి, ఏ గడిలో ఏ గీత ఉందో చూసి దించుకోవడమే. అయితే గ్రంథాలయం పుస్తకం మీద పెన్సిలు పెట్టడానికి వీల్లేదు కదా. అమ్మ కుట్టుపెట్టెలోంచి నల్లదారం తెచ్చి, అంగుళానికొక వరస చొప్పున పుస్తకం చుట్టూ అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి తిప్పేవాణ్ణి. పని అయ్యాక విప్పి మళ్ళీ ఉండ చుట్టి పెట్టెలో పెట్టేయాలి, లేకపోతే వీపు మోగేది.

ఒక ముక్కు వేయడానికి మూడు సాయంత్రాలు పట్టేది. నిజంగానే చెబుతున్నాను. మొదటి రోజు పొడవయ్యేది, రెండో రోజు మొద్దుగా వచ్చేది, మూడో రోజుకి రబ్బరు పెట్టి పెట్టి కాగితానికి చిల్లి పడేది. కానీ ఆ మూడు సాయంత్రాలూ నేను ఆ మొహాన్నే చూస్తూ కూర్చున్నాను కదా! మీరు అరనిమిషం చూసి వేలితో పైకి తోసేస్తారు. ఇంకెక్కడి అభిమానం?

మా మేనమామ ఓసారి బెజవాడ తీసుకెళ్ళాడు. అక్కడ సినిమా బ్యానర్లు రాసే షెడ్డు చూపించాడు. నేల మీద పరిచిన గుడ్డ, దాని మీదా గళ్ళే! ఒకాయన గొంతుక్కూర్చుని సావిత్రి కన్ను రాస్తున్నాడు. కన్ను ఒక్కటే చేటంత ఉంది. అంత దగ్గర్నుంచి ఆయనకి అది కన్నని ఎలా తెలుస్తోందో నాకు అంతుపట్టలేదు. కాసేపటికి లేచి, రోడ్డు దాటి అవతలి వైపు నిలబడి చూసి, మళ్ళీ వచ్చి రెప్ప కింద తెల్లరంగు చుక్క ఒకటి పెట్టాడు. ఆ చుక్కతో సావిత్రి మమ్మల్ని చూసింది. ఫ్లెక్సీలు వచ్చాక ఆ షెడ్లూ పోయాయి, ఆ చుక్క పెట్టే చేతులూ పోయాయి.

సావిత్రి అంటే గుర్తొచ్చింది. 1957లో వచ్చిన మాయాబజారులో శశిరేఖ ఉంది చూడండి, వ్యాసుడి భారతంలో ఆ పిల్ల లేదు. అక్కడ అభిమన్యుడి పెళ్ళాం ఉత్తర. శశిరేఖను మన వాళ్ళు కల్పించుకుని, సొంత బిడ్డలా పెంచుకుని, నాటకాల్లోనూ సినిమాల్లోనూ తిప్పారు. ఉన్న కథ మీద ఇష్టం పెరిగి కొత్త మనిషిని పుట్టించడమంటే అదీ. ఇప్పుడు మీరు 'ఫ్యాన్ ఆర్ట్' అని కొత్తగా కనిపెట్టినట్టు చెబుతున్నది మా తాతల నాటి పని. ఘటోత్కచుడు మాయా శశిరేఖగా మారాక సావిత్రి నడక మారిపోతుంది, భుజాలు విచ్చుకుంటాయి. ఆడపిల్ల ఒంట్లో రాక్షసుణ్ణి గీయాలని నేనూ మా స్నేహితుడూ ఒక వేసవంతా తంటాలు పడ్డాం. చివరికి వాడు మీసం పెట్టేశాడు. నేను వాడితో వారం రోజులు మాట్లాడలేదు.

అన్నిటికంటే కష్టపెట్టింది సత్యభామ. తెలుగు మాస్టారు పోతన భాగవతం పదో స్కంధంలో నరకాసుర యుద్ధం చెబుతూ, "ఒరే, ఈవిడ కృష్ణుడి వైపు తిరిగితే ప్రేమ, శత్రువు వైపు తిరిగితే రౌద్రం. ఒకే మొహం, ఒకే క్షణం. ఎవడైనా వేసి తీసుకురండ్రా" అన్నారు. వేశాను. కుడికన్ను చల్లగా వస్తే ఎడమకన్ను మెల్లకన్నయ్యేది. విల్లు పట్టిన చెయ్యి గాజుల మధ్య బిగుసుకోవాలి, జడ మాత్రం వదులుగా ఊగాలి. పదకొండు కాగితాలు చించాను. పన్నెండోది పట్టుకెళితే మాస్టారు చాలాసేపు చూసి, "చెయ్యి కుదిరింది, మొహం రాలేదు" అన్నారు. ఆ కాగితం ఇప్పటికీ ట్రంకు పెట్టెలో ఉంది. మొహం ఇప్పటికీ రాలేదు.

కాబట్టి ఆయుధం పట్టిన ఆడది 2015లో బాహుబలితోనే పుట్టిందన్నట్టు మాట్లాడకండి. శివగామి గొప్పదే, నేను కాదనను. ఏట్లో తాను మునిగిపోతూ బిడ్డను ఒంటిచేత్తో నీళ్ళపైన పట్టుకున్నప్పుడు హాల్లో నేనూ కళ్ళు తుడుచుకున్నాను. ఇష్టపడొద్దని అనడం లేదు. ఇష్టపడిన దాన్ని సరిగ్గా చూడమంటున్నాను.

అయితే ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. చందమామలో వచ్చిన దాసరి సుబ్రహ్మణ్యంగారి సీరియళ్ళు, తోకచుక్క దగ్గర్నుంచి యక్షపర్వతం దాకా, చిత్రాగారి బొమ్మలతో సహా బైండు పుస్తకాల్లో ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. ఖడ్గవర్మ, జీవదత్తుడు నిద్రలో లేపి అడిగినా చెబుతాను. మరి వాటిలో రాకుమార్తెల పేర్లో? ఒక్కటీ నోటికి రాలేదు. మనవరాలు అడిగితే గుటకలు మింగాను. ఆ పిల్లల నడుము వంపు గళ్ళు లెక్కపెట్టి మరీ వేశాను, వాళ్ళ పేర్లు మాత్రం గుర్తుపెట్టుకోలేదు.

కనుమ రోజు పొద్దున ఆ పిల్ల వసారాలో కూర్చుని పలక లాంటి దాని మీద ఉత్తుత్తి పెన్నుతో ఏదో గీస్తోంది. ఈసారి వేయించడం కాదు, వేస్తోంది. వంగి చూశాను. దేవసేనే. కుంతల యువరాణి కాదు, ఇరవై అయిదేళ్ళు గొలుసులతో కట్టేసి ఉంచిన ముసలి దేవసేన. జుట్టు జడలు కట్టి ఉంది. మొహం ఇంకా మొదలుపెట్టలేదు. రెండు చేతులు మాత్రం పూర్తయ్యాయి. భల్లాలదేవుడి చితికి ఏరుతున్న పుల్లలు ఆ చేతుల్లో ఉన్నాయి. కణుపులు ఉబ్బి, బొటనవేలి గోరు ఒక పక్క చీలి, మణికట్టు దగ్గర నరం తేలి ఉంది.

ఆ చెయ్యి నాకు తెలుసు అనిపించింది.

"నాన్నమ్మది," అంది పిల్ల. "నిన్న పొయ్యిలోకి పుల్లలు విరుస్తుంటే చూస్తూ కూర్చున్నా."

నలభై తొమ్మిదేళ్ళుగా నాకు అన్నం వడ్డిస్తున్న చెయ్యి. వ.పా. బొమ్మల్లో గాజుల వరస ఎన్ని మలుపులు తిరుగుతుందో చెప్పగలను, ఈ చేతి గోరు చీలి ఉందని మాత్రం ఆ పిల్ల గీసేదాకా నాకు తెలియదు. వయసు మళ్ళిన ఆడమనిషిని గీయాలని నాకెప్పుడూ తోచనే లేదు. ఆ మాట పిల్లతో అన్నాను కూడా. పెట్టె తీసి సత్యభామ కాగితం చూపించాను. "చెయ్యి సూపర్ తాతయ్యా" అంది. మొహం సంగతి ఎత్తలేదు.

అలాగని నా మాట వెనక్కి తీసుకోను. ఆ పలక మీద తప్పు గీత పడితే ఒక మీట నొక్కగానే మాయమవుతోంది, దాని మరక ఎక్కడా మిగలడం లేదు. అది నాకు నచ్చలేదు. తప్పు గీత మరక కాగితం మీద మిగిలితేనే మర్నాడు అక్కడ జాగ్రత్త పడతాం.

ఒరే అబ్బాయిలూ, అమ్మాయిలూ, ఈ ఆదివారం ఫోను పక్కన పెట్టి, ఒక తెల్లకాగితం తీసుకుని శివగామి చెయ్యి వేయండి. నీళ్ళపైన బిడ్డను పట్టుకున్న చెయ్యి, అది చాలు. మీ అమ్మనో నాన్నమ్మనో ఎదురుగా కూర్చోబెట్టుకోండి. గళ్ళు కావాలంటే నల్లదారం చుట్టుకోండి. ఒక్క సాయంత్రంలో రాదు, మూడు పెట్టుకోండి.