ఆర్థిక శాఖకు ఉద్దానం దరఖాస్తు

కేంద్ర ఆర్థిక మంత్రిత్వ శాఖ, రెవెన్యూ విభాగం, న్యూఢిల్లీ వారికి

విషయం: పన్ను రాయితీలో శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతపు వాటా గురించి

2025 ఫిబ్రవరి 1న పార్లమెంటు ముందుకొచ్చిన బడ్జెట్‌లో రెండు అంకెలు దాదాపు సమానం. ఆదాయపు పన్ను తగ్గించినందువల్ల ఖజానా వదులుకునేది సుమారు లక్ష కోట్ల రూపాయలు. కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖకు ఏడాది పొడుగునా ఖర్చులకు ఇచ్చింది 99,859 కోట్లు. మొదటి అంకెకు వచ్చినన్ని చప్పట్లు రెండోదానికి రాలేదు.

రాయితీ ఎవరికి చేరుతుందో శాఖవారి లెక్కే చెబుతుంది. ఏడాదికి 12 లక్షల ఆదాయం ఉన్నవారికి 80,000 మిగులు. పలాస, కాశీబుగ్గ, టెక్కలి పట్టణాల్లో ఉపాధ్యాయులు, బ్యాంకు ఉద్యోగులు, రైల్వే సిబ్బంది కొందరు ఈ వరసలో ఉన్నారు. వారి సంతోషాన్ని తప్పుపట్టాల్సిన పని లేదు. జీడి పరిశ్రమల్లో పిక్కలు కొట్టి, పప్పు ఒలిచి, గుండు, బద్ద వేరుచేసే ఆడవాళ్ల కూలి మాత్రం పన్ను గడప దాకా ఎన్నడూ వెళ్లలేదు. కొబ్బరి, జీడి, పనస తోటల రాబడి వ్యవసాయాదాయం గనుక దానికి ఆదాయపు పన్నే లేదు. కట్టని పన్నును తగ్గించే ఉపాయం ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

సరుకుల మీద పన్ను వీరూ కడుతున్నారు. 2025 సెప్టెంబరు 22న సబ్బు మీద జీఎస్టీ 18 శాతం నుంచి, చాలా మందుల మీద 12 శాతం నుంచి 5 శాతానికి దిగింది. ఉద్దానం దాకా నడిచొచ్చిన రాయితీ ఇదొక్కటే అనాలి. వ్యక్తిగత ఆరోగ్య బీమా ప్రీమియంపై పన్ను కూడా అదే రోజు పూర్తిగా పోయింది. కిడ్నీ జబ్బు బయటపడ్డాక పాలసీ ఇచ్చే కంపెనీని వెతుక్కోవడం వేరే సంగతి.

ఉద్దానంలోని కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో ఈ కిడ్నీ జబ్బు రెండు దశాబ్దాలకు పైబడి ఉంది. షుగరు, బీపీ లేనివారికీ వస్తోంది. నీటిలో సిలికా, పురుగుమందులు, ఎండలో ఒళ్లు ఆరిపోయేలా పని చేయడం, ఇలా అన్నిటినీ అనుమానించారు. ఇదీ కారణమని ఏ ఒక్కటీ తేలలేదు. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతపు రైతుల్లో, నికరాగ్వా, ఎల్ సాల్వడార్ చెరకు కూలీల్లో కనిపించేదీ ఇలాంటిదే. చాలాకాలం చప్పుడు చేయదు. కాళ్లు వాచి, అన్నం సయించక పరీక్షకు వెళితే అప్పటికే క్రియాటినిన్ పెరిగిపోయి ఉంటుంది. చివరి దశలో వారానికి రెండు మూడుసార్లు, పూటకు నాలుగు గంటల చొప్పున డయాలసిస్. యంత్రం ఖర్చు ప్రభుత్వం భరించినా ఆ రోజు రోగి కూలి పోతుంది, తోడొచ్చినవారి కూలి పోతుంది, ఆటో ఛార్జీ మీద పడుతుంది.

ఇక ప్రజల ఇష్టం ఏమిటి, పన్ను తగ్గింపా, వైద్యమా? అమెరికాలో 2003లో ఈ ప్రశ్నే సూటిగా అడిగారు: పన్నులు పెరిగినా సరే అందరికీ వైద్యం ముఖ్యమా, కొందరికి అందకపోయినా పన్నులు పెరగకపోవడం ముఖ్యమా అని. పదిమందిలో దాదాపు ఎనిమిది మంది వైద్యమే అన్నారు. ఉద్దానంలో సర్వే అక్కర్లేదు, ప్రభుత్వాల నడవడి చూస్తే చాలు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పేరు మారింది గాని, ఎత్తేసే సాహసం ఏ పార్టీ చేయలేదు. డయాలసిస్ రోగులకు ఒక ప్రభుత్వం పింఛను మొదలుపెడితే, తర్వాతిది 2019లో దాన్ని నెలకు 10,000 చేసింది, ఆ పైన వచ్చినదీ కొనసాగించింది. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం, హిరమండలం నుంచి వంశధార నీళ్లు తెచ్చే 700 కోట్ల పథకం ఒకే రోజున ప్రారంభమయ్యాయి. ఓట్లు ఎటు మొగ్గుతాయో పార్టీలకు బాగా తెలుసు.

అయితే ఇవన్నీ జబ్బు ముదిరాక అందే సాయాలు, నీళ్ల పథకం తప్ప. ఆరోగ్యశ్రీ లాంటి బీమా తరహా పథకం వార్డులో పడుకున్నవారికి డబ్బు కడుతుంది. ఇంకా పడుకోని వాళ్లకు ఏటా రక్తపరీక్ష చేయించదు. భవనం కట్టినంత తేలిగ్గా కిడ్నీ డాక్టరు పలాసకు రాడు. 2011లో కె. శ్రీనాథరెడ్డి అధ్యక్షతన నిపుణుల బృందం ప్రణాళికా సంఘానికి చెప్పిందీ ఈ కోవలోదే: అందరికీ వైద్యానికి ప్రధానంగా సాధారణ పన్నుల డబ్బే వాడాలి, ప్రాథమిక వైద్యానికి పెద్దపీట వేయాలి, ప్రభుత్వ ఆరోగ్య ఖర్చు 2017కల్లా స్థూల దేశీయోత్పత్తిలో 2.5 శాతం కావాలి. గడువు వచ్చింది. ఆ ఏడు వెలువడిన జాతీయ ఆరోగ్య విధానం అదే 2.5 శాతాన్ని 2025కు జరిపింది. 2021–22లో ఉన్నది 1.84 శాతం.

ఆదాయపు పన్ను మీద 4 శాతం ఆరోగ్య, విద్యా సెస్సు 2018 నుంచి శాఖవారే వసూలు చేస్తున్నారు. సెస్సులో రాష్ట్రాలకు వాటా లేదు; ఆసుపత్రులు నడిపే భారంలో ఎక్కువ పాలు రాష్ట్రాలదే. ఉద్దానం ఏడు మండలాల్లో పెద్దవారందరికీ ఏటా క్రియాటినిన్ పరీక్ష, డయాలసిస్‌కు రానూపోనూ ఛార్జీ, పలాస ఆసుపత్రిలో నెఫ్రాలజీ పోస్టులకు నిలకడైన జీతాలు: ఈ మూడూ ఆ సెస్సు నుంచి మంజూరు చేయవలసిందిగా కోరడమైనది. చట్టం ఒప్పుకోకపోతే, వచ్చే రాయితీలోంచి.

నకలు: రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖకు. సమాచారం నిమిత్తం కాదు, చర్య నిమిత్తం.