లైన్ అకౌంట్ హీరో

తెలుగు సినిమాలో విలేకరికి రెండే గతులు. హీరో అయితే ముఖ్యమంత్రిని గద్దె దించుతాడు. హీరో కాకపోతే పెన్‌డ్రైవ్ చేతికందిన పది నిమిషాల్లో లారీ కింద పడతాడు. మూడో రకం ఒకటుంది గానీ దానికి ముఖం ఉండదు. కోర్టు మెట్ల మీద మైకులు పట్టుకుని "సార్ సార్, ఒక్క నిమిషం సార్" అంటూ తోసుకునే గుంపు అది. ఆ గుంపులో లోగో ఊడిపోకుండా బొటనవేలితో నొక్కిపట్టిన చెయ్యి ఒకటి కనిపిస్తుంది చూడండి, అది మా పటాన్‌చెరు ప్రెస్ అన్నది.

పేరు అడక్కండి. ఊళ్లో సగంమంది ఫోన్లలో ఆయన "ప్రెస్ అన్న" గానే ఉన్నాడు. పత్రికలు మారాయి గానీ నంబరు మారలేదు. పొద్దున పదింటికి ఛాయ్ బండి దగ్గర, నంబరు ప్లేటు కన్నా పెద్ద అక్షరాలతో "ప్రెస్" అని రాయించిన మోటారు సైకిలుకు ఒరిగి, ఒక చెవిలో డెస్క్ తిట్లు, రెండో చెవిలో ఎవరో సర్పంచి గోడు వింటూ దొరుకుతాడు.

సినిమాలే ఆయన కొంప ముంచాయి. 1999లో 'ఒకే ఒక్కడు' చూశాడు. అందులో అర్జున్ ముఖ్యమంత్రి రఘువరన్‌ను కూర్చోబెట్టి కడిగేస్తుంటే, డిగ్రీ మధ్యలో వదిలి పత్రికలో చేరాడు. 2011లో 'రంగం' చూసి వాయిదాల మీద కెమెరా కొన్నాడు. మరుసటేడు 'కెమెరామెన్ గంగతో రాంబాబు' వచ్చింది. మెకానిక్ రాంబాబుకు దొరికిన మైకు నాకెందుకు దొరకదని ఒక చానెల్లోనూ చేరాడు. వాళ్లు డిపాజిట్ కట్టించుకుని లోగో ఇచ్చారు. జీతం మాట మాత్రం ఆ సినిమాలో లాగే ఎక్కడా రాలేదు.

అసలు సినిమా విలేకరులకు ఒకటో తారీఖు ఉండదు. 1998లో 'గణేష్'గా వెంకటేష్ ఆస్పత్రుల అక్రమాల మీద విరుచుకుపడ్డాడు గానీ, పెట్రోలుకు చేబదులు అడగలేదు. సూపర్‌మ్యాన్‌ది సరేసరి, డైలీ ప్లానెట్‌లో పక్కా ఉద్యోగం. అన్న బాధ తెలిసినవాడు స్పైడర్‌మ్యాన్ ఒక్కడే. పాపం, ఫొటోకు ఇంతని బేరమాడి అమ్ముకునేవాడు, అదీ తిట్లు తింటూ.

అన్న జాతి పుట్టుక ఇలా జరిగింది: 1989లో ఈనాడు జిల్లా అనుబంధాలు మొదలుపెట్టింది. మిగతా పత్రికలూ అదే బాట పట్టాయి. ఆ పేజీలు నింపడానికి మండలానికో విలేకరి కావలసి వచ్చాడు. అచ్చయినంత మేర కొలిచి ఇచ్చే డబ్బే లైన్ అకౌంట్. పెళ్లిచూపుల్లో కాబోయే మామ జీతమెంతని అడిగితే అన్న నిజాయితీగా "లైన్ అకౌంటండీ" అన్నాడు. మామ కరెంటు ఆఫీసులో లైన్‌మన్ అనుకుని సంబంధం ఖాయం చేశాడు. ఆ కోపం ఇప్పటికీ దసరాకు దసరాకు బయటపడుతుంది.

అన్న అసలు ఆస్తి ముక్కు. బొల్లారం నుంచి గడ్డపోతారం దాకా ఏ వాసన ఏ కెమికల్ ఫ్యాక్టరీ గేటుదో కళ్లు మూసుకుని చెబుతాడు. కుళ్లిన కోడిగుడ్డు వాసనయితే ఒక పేరు, గోళ్ల రంగు వాసనయితే ఇంకో పేరు. వానాకాలం రాత్రి రెండింటికి ఫోను మోగుతుంది. "అన్నా, ఊపిరాడుతలేదే, జర జల్ది రా." పోతాడు. వాగు గట్టున నిలబడి ఫొటో తీస్తాడు. ఆ ఫొటోకు ఒక శాస్త్రం ఉంది. నీళ్లకేసి చెయ్యి చాపి ఒక రైతు నిలబడాలి. కింద "రంగు మారిన నీటిని చూపిస్తున్న రైతు" అని రావాలి. రైతు దొరక్కపోతే టార్చిలైటు పట్టుకొచ్చిన వాచ్‌మన్‌నే తలకు తువ్వాలు చుట్టి నిలబెట్టిన రాత్రులున్నాయి. కాలుష్య నియంత్రణ మండలి వాళ్లు మధ్యాహ్నం వచ్చేసరికి గాలి మల్లెపూవులా ఉంటుంది. మర్నాడు శీర్షిక "చోద్యం చూస్తున్న అధికారులు". ఆ వార్త ముందుమాట ఫోనులో ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది, ఊరి పేరు మార్చుకోవడమే.

2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ఒక పరిశోధన వెలువరించారు. పటాన్‌చెరు శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని తేల్చారు. లోకమంతా ఉలిక్కిపడింది. అన్న పడలేదు. "గీ ముచ్చట నేను రాయని ఏడాదున్నదా?" అన్నాడు. నిజమే, రాశాడు. కాకపోతే ఆయన దగ్గర మిల్లీగ్రాములు లేవు, చెయ్యి చాపిన రైతే ఉన్నాడు.

ఇక సినిమావాళ్లెవరూ తియ్యని సీను ఒకటుంది. ఆగస్టు పదిహేను దగ్గర పడగానే అన్న అదే ఫ్యాక్టరీకి మళ్లీ వెళతాడు, ఈసారి రసీదు పుస్తకంతో. జూలైలో ఏ యాజమాన్యం మీద రాశాడో ఆ యాజమాన్యం చేతనే జిల్లా ప్రజలకు శుభాకాంక్షలు చెప్పించాలి. పత్రిక పెట్టిన యాడ్ టార్గెట్ అది. గేటు దగ్గర సెక్యూరిటీ పెద్దమనిషి లేచి నిలబడి, మర్యాదగానే అడుగుతాడు: "అన్నా, ఇయ్యాల వార్తకొచ్చినవా, యాడ్‌కొచ్చినవా?" దాన్ని బట్టే ఏ గేటు తెరవాలో ఆయనకు తెలుస్తుంది. అర్జున్ రఘువరన్‌ను నిలదీసి, పోతూ పోతూ "సార్, పండగ యాడ్ మర్చిపోకండి" అన్నట్టు ఊహించుకోండి. రాయనందుకు డబ్బు తీసుకునే బాపతు కూడా ఈ బెల్టులో తిరుగుతోంది. వాళ్ల బండ్లు కొత్తవి, వాళ్ల సంగతి మనకొద్దు.

అన్నకు సుఖం తక్కువ. సంగారెడ్డిలో 1796 నాటి పాత జైలును మ్యూజియం చేసి, 500 రూపాయలు కడితే ఒక రోజు ఖైదీగా ఉండొచ్చని ప్రకటించినప్పుడు అందరూ నవ్వారు. అన్న మాత్రం, డెస్క్ ఫోను లోపలికి రాదంటే నెలనెలా కడతానన్నాడు.

విలేకరి మీద నిజం చెప్పిన సినిమా ఒక్కటుందని ఆయన వాదన. 2010లో వచ్చిన హిందీ 'పీప్లీ లైవ్'. అందులో నవాజుద్దీన్ సిద్దిఖీ వేసిన రాకేశ్ చిన్న ఊరి విలేకరి. మొదటి వార్త రాసింది అతనే, పెద్ద చానెళ్లకు దారి చూపిందీ అతనే. చివరికి మంటల్లో పోతే ఆ శవం అతనిదని కూడా ఎవరికీ తెలియదు. 2025 జూన్ 30న పాశమైలారం సిగాచీ పరిశ్రమ పేలుడులో నలభై మందికి పైగా కార్మికులు చనిపోయారు. ఆ వారమంతా అన్న సినిమా మాట ఎత్తలేదు. బిహార్, ఒడిశాల నుంచి వచ్చిన తండ్రులకు ఏ ఆస్పత్రిలో అడగాలో, డీఎన్‌ఏ నమూనా ఎక్కడ ఇవ్వాలో తనకొచ్చిన హిందీలో చెబుతూ తిరిగాడు. వార్త హైదరాబాద్ స్టాఫర్ పేరుతో వచ్చింది.

ఈ మధ్య ఆయనే ఒక సినిమా కథ రాశాడు. హీరో మండల విలేకరి. అర్ధరాత్రి వానలో ట్యాంకర్, వెనకాల మోటారు సైకిలు, ఇంటర్వెల్‌లో వాగు మొత్తం ఎర్రగా. ఛాయ్ బండి దగ్గర చేతులూపుతూ చెబుతుంటే నలుగురం గ్లాసులు పక్కన పెట్టి విన్నాం.

"పైసలెవరు పెడ్తున్నరన్నా?" అని ఛాయ్ పోసే తమ్ముడు అడిగాడు.

"మాట్లాడిన. గా కెమికల్ ఫ్యాక్టరీ సారే పెడ్త అన్నడు. కథ మస్తు నచ్చిందట."

"మరి విలన్ గాయనే గదా అన్నా?"

"ఏ, లేదు తమ్మీ. విలన్‌ను జీడిమెట్లకు మార్చిన."