డాబా మీద బల్ల వేసుకోవాలంటే

సాయంత్రం పూట డాబా మీద కూర్చుని టీ తాగడానికి ఒక బల్ల ఉంటే బాగుండునని మీకూ ఉంటుంది. దానికోసం వడ్రంగి మేస్త్రిని మాత్రం పిలవకండి. ఒక చెక్కకు బెజ్జం తొలిచి, రెండోదానికి నాలుక తీసి, ఉలితో గీరుతూ సరిచూసుకుంటూ రెండు రోజులు కూర్చుంటాడు. మనకు ఒక ఆదివారం మధ్యాహ్నం చాలు. ఆన్‌లైన్‌లో పాకెట్ హోల్ జిగ్ తెప్పించండి. దాన్ని చెక్కకు బిగించి డ్రిల్లు పెడితే 15 డిగ్రీల ఏటవాలుగా బెజ్జం పడుతుంది. అందులోంచి స్క్రూ పక్క చెక్కలోకి దిగుతుంది. ఇంతే విద్య.

జిగ్‌తో పాటు ఒక కాగితం వస్తుంది. 19 మిల్లీమీటర్ల చెక్కకు 32 మిల్లీమీటర్ల స్క్రూ, 38కి 64 అని లెక్కలు చెబుతుంది. ఆ కాగితాన్ని టీ గ్లాసు కింద పెట్టుకోండి. స్క్రూ ఎంత పొడుగుంటే అంత బలం. నేను 19 చెక్కలోకి 64 దించాను. మొన కింద నుంచి బయటికొచ్చింది. ఒకందుకు మంచిదే, కూర్చున్నవాళ్ళు కాళ్ళు ఊపరు.

స్క్రూలకు వేరే ఖర్చు దండగ. ఫాల్స్ సీలింగ్ వేసినప్పుడు మిగిలిన నల్ల జిప్సం స్క్రూలు ఏదో డబ్బాలో ఉండే ఉంటాయి. పాకెట్ లోపలి అంచు మీద ఆనడానికి స్క్రూ తల అడుగున చదునుగా ఉండాలంటారు. జిప్సం స్క్రూ తల గరాటులా ఉంటుంది, లోపలికి దూరి చెక్కను చీలుస్తుంది. ఫట్‌మనగానే ఇక తిప్పడం ఆపొచ్చని తెలుస్తుంది, అదీ సౌకర్యం. స్టెయిన్‌లెస్ స్టీలు జోలికి పోకండి. నల్లవైతే నాలుగు వానలకే ఎర్రబడతాయి. టేకు చెక్క అయితే ఇనుము తగిలిన చోట నల్ల మరకలు కూడా దిగుతాయి, రంగు ఖర్చు మిగులుతుంది.

క్లాంపులెందుకు, బావమరిది మోకాలు ఉండగా? స్క్రూ ఏటవాలుగా లాగినప్పుడు పలక ఒక పక్క కాస్త లేస్తుంది. గ్లాసు అక్కడ పెట్టొద్దని వచ్చినవాళ్ళకు చెబితే సరి.

అసలు కిటుకు ఒకటుంది. బెజ్జాలన్నీ పైకి కనిపించేలా వేయండి. కష్టపడి వేసినవి అడుగున దాచుకోవడమేమిటి? మరీ మొహమాటమైతే రంపపు పొట్టులో మామూలు తెల్ల జిగురు కలిపి కూరండి. దుకాణంలో పక్కనే వాటర్‌ప్రూఫ్ రకం ఉంటుంది, అటు చూడకండి. నేను కూరింది మొదటి వానకే అంబలిలా జారిపోయింది. వాన వెలిశాక వంగి చూస్తే పన్నెండు బెజ్జాల్లోనూ పన్నెండు గుటకల నీళ్ళు. ఒకదాంట్లో తుప్పు పట్టిన స్క్రూ తల చుట్టూ చీమ ఈదుతోంది. చెక్క నీళ్ళు ఎక్కువగా తాగేది కోసిన కొసల్లోంచే. పలకను చట్రానికి కలిపే బెజ్జం పడేదీ సరిగ్గా ఆ కొసలోనే. తలుపు సరిచేయడానికి వచ్చిన మేస్త్రి ఆ నీళ్ళు చూసి, “పిచ్చుకలకు పెట్టారా సార్?” అన్నాడు. అవునన్నాను.

ఇక పలకల మధ్య గోరు దూరే సందు కూడా ఉంచకండి. మూడు నాలుగు మిల్లీమీటర్లు వదిలితే నీళ్ళు కిందికి జారిపోతాయి, చెక్క ఉబ్బినా చోటుంటుంది అంటారు కొందరు. రోళ్ళు పగిలే రోహిణి కార్తె ఎండకు ఎటూ సందులు వాటంతటవే వస్తాయి కదా. మృగశిర దాటి వానలు పడ్డాక చెక్క మళ్ళీ ఉబ్బుతుంది. పొడుగు పెరగదు, వెడల్పే పెరుగుతుంది. రెండు కొసలా స్క్రూలు, అటూ ఇటూ ఆనుకుని పక్క పలకలు. ఇంకెటు పోతుంది? నడుం ఎత్తుతుంది. మా బల్ల జూలై కల్లా బోర్లించిన పడవలా తయారైంది.

ఇప్పుడు దాని మీద కరివేపాకు కుండీ పెట్టాం. మా ఇంటికి రండి, టీ ఇస్తాం. కాకపోతే నిలబడి తాగాలి.