ఫ్రీ టూర్ ఫోన్ వచ్చిందా? ఈ తొమ్మిది చిట్కాలు పాటించండి

నల్లగొండ గడియారం సెంటర్‌లో బట్టలు కొన్నప్పుడో, జడ్చర్ల బంకులో పెట్రోలు పోయించుకున్నప్పుడో మీరు నింపిన లక్కీ డ్రా కూపన్ ఫలించింది. హైదరాబాద్ నుంచి ఫోన్: గోవాలో మూడు పగళ్లు, రెండు రాత్రులు ఉచితం. భార్యాభర్తలు హోటలుకు వచ్చి గంటన్నర ప్రజెంటేషన్ వింటే చాలు. కష్టపడకుండా వచ్చేదాన్ని కాలదన్నుకోకూడదు. ఇలా చేయండి.

1. ఎక్కడ డబ్బా కనిపిస్తే అక్కడ కూపన్ వేయండి. ఫోన్ నంబరు స్పష్టంగా రాయండి. జీతం కాస్త పెంచి రాయండి, క్రెడిట్ కార్డు ఉందని టిక్కు పెట్టండి. ఫోన్లు తొందరగా వస్తాయి.

2. "తింటం, గిఫ్ట్ పట్టుకుంటం, వస్తం. కొనేది లేదు" అని ఇంట్లో గట్టిగా చెప్పి బయల్దేరండి. ఆ హాల్లోకి వచ్చే ప్రతి జంటా ఇదే అనుకుని వస్తుంది. ఇంతమంది నమ్మిన ఉపాయం బెడిసికొట్టదు.

3. ఇద్దరూ వెళ్లండి. "ఇంట్లో అడిగి చెప్తా" అని తప్పించుకునే వీలు లేకుండా ఉండేందుకే వాళ్లు జంటగా పిలుస్తారు. దీనివల్ల రెండోసారి వెళ్లే శ్రమ తప్పుతుంది. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం ఉంది కాబట్టి ఎక్స్‌ప్రెస్ బస్సులో మీ ఆవిడకు జీరో టికెట్. అదే టికెట్‌తో నాగార్జునసాగర్ పోయి బుద్ధవనం చూసొద్దామని ఆమె అంటే ఒప్పుకోకండి. సాగర్‌లో గిఫ్టు ఇవ్వరు.

4. కార్డులన్నీ జేబులో పెట్టుకోండి. పైసలు లేవని చెప్పే ఇబ్బంది ఉండదు. ఒక కార్డు గీకకపోతే ఇంకోటి గీకుతుంది. మిగతాది ఈఎంఐ చేస్తారు, ఆ ఫారం కూడా వాళ్లే నింపుతారు.

5. గంటన్నర కాస్తా నాలుగు గంటలైనా లేవకండి. మధ్యలో ఎవరో హాలిడే క్లబ్బులో సభ్యులయ్యారని మైకులో చెప్తారు, హాలంతా చప్పట్లు కొడుతుంది. మీరూ కొట్టండి. చివర్లో మేనేజరు వచ్చి రెండు లక్షల సభ్యత్వాన్ని లక్షన్నరకు దించుతాడు, "ఇయ్యాల ఒక్కరోజే" అంటాడు. రేపు ఆలోచిద్దామనుకుంటే యాభై వేలు నష్టం. ఇప్పుడే తేల్చేయండి.

6. కంపెనీ గురించి ఆరా తీయకండి. మన దేశంలో స్టెర్లింగ్ 1986లో, మహీంద్రా హాలిడేస్ 1996లో మొదలయ్యాయి. వ్యాపారం ఇంత పాతది కాబట్టి ఏ బోర్డు కింద కూర్చున్నవాళ్లనైనా నమ్మొచ్చు. రిసార్టులు సొంతవా, అద్దెవా అని అడిగితే ఏసీలో కూర్చోబెట్టి బిర్యానీ పెట్టినవాళ్లు బాధపడతారు.

7. ఒప్పందం చదవకుండా సంతకం పెట్టండి. "ఎప్పుడు కావాలంటే అప్పుడు పైసలు వాపస్" అని నోటితో చెప్పారు. కట్టిన సొమ్ము తిరిగి ఇవ్వబడదని కాగితం మీద ఉంటే ఉండనివ్వండి. గదిలో దిగినా దిగకున్నా ఏటా మెయింటెనెన్స్ కట్టాలని లోపలి పేజీల్లో ఉంటుంది. అది చదివితే నిద్ర పట్టదు. ఇన్ని రోజుల్లో రద్దు చేసుకోవచ్చని ఎక్కడైనా రాసి ఉంటే, ఆ రోజులు గడిచాకే ఫైలు తెరవండి.

8. గోవా వోచర్‌ను బీరువాలో భద్రపరచండి. వెనకవైపు చిన్న అక్షరాల్లో రైలు మీదే, తిండి మీదే, పన్నులు ముందే కట్టాలి, పండగలకూ బడి సెలవులకూ చెల్లదు అని ఉంటుంది. తేదీలు అడిగితే గదులు ఖాళీ లేవంటారు. అడగకుండా ఉంటే దాని గడువు దానంతటదే తీరిపోతుంది. దారి ఖర్చులు మిగులుతాయి.

9. ఫిర్యాదు జోలికి పోకండి. 1915కు ఫోన్ చేస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ వాళ్లు అన్నీ అడుగుతారు, రసీదులు వెతకాల్సి వస్తుంది. కంపెనీ హైదరాబాద్‌లో ఉన్నా, 2019 వినియోగదారుల చట్టం ప్రకారం మీరుండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. కట్టింది 5 లక్షల లోపైతే ఫీజు లేదు, వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు. ఇంత సులువైన పనికి తొందరేముంది? గడువు రెండేళ్లు. వరి కోతలయ్యాక, పెళ్లిళ్లయ్యాక అంటూ రెండేళ్లు దాటించండి. ఆ తర్వాత వేద్దామన్నా ఆలస్యానికి కారణం చూపించాలి, కాబట్టి ఇంట్లోవాళ్లు కూడా ఆ మాట ఎత్తరు.

ఈలోగా రెఫరల్ ఫారం నింపండి. బామ్మర్ది పేరు, తోడల్లుడి పేరు, ఆఫీసులో పక్క సీటాయన పేరు రాసివ్వండి. ముగ్గురు చేరితే మీకు ఇంకో ఫ్రీ టూర్ ఇస్తారు. ఈసారి కేరళ అడగండి.