ఫలకోపరి మత్స్యము (టీకా తాత్పర్య సహితం)

మూలం

లైన్ కాట్ నార్త్ సీ హాడక్, క్రాఫ్ట్ ఏల్ బ్యాటర్, ట్రిపుల్ కుక్డ్ హ్యాండ్ కట్ చిప్స్, క్రష్డ్ మింటెడ్ పీస్, హౌస్ టార్టార్, ఆన్ స్లేట్. 22.

అవతారిక

ఇంగ్లండు దేశం, యార్క్‌షైర్ సీమ, ఒక పల్లెటూరి పబ్బు. పేరు అడగకండి. లీడ్స్‌లో ఉండే మా అమ్మాయిని చూడ్డానికి నేనూ మా ఆవిడా వెళ్లినప్పుడు, "మావయ్యగారూ, ఇంత దూరం వచ్చి ఫిష్ అండ్ చిప్స్ తినకుండా వెళ్తారా?" అని అల్లుడు తీసుకెళ్లాడు. మాది విశాఖపట్నం, చేపలు తినే ఇల్లే. చేపను పిండిలో ముంచి వేయించి, పక్కన బంగాళాదుంప ముక్కలు పెట్టి ఇస్తారు, ఇందులో తెలియనిదేముందిలే అనుకున్నాను. దళసరి అట్ట మీద పై వాక్యం అచ్చువేసి చేతికిచ్చారు. ముప్పై ఏళ్లు డిగ్రీ పిల్లలకు ప్రబంధాలు చెప్పినవాణ్ని. క్రియాపదమనేది లేకుండా ఇన్ని విశేషణాలు బారులు తీరితే నా చెయ్యి ఊరుకోదు.

వ్యాఖ్యాతలకు గురువైన మల్లినాథ సూరి మన మెదక్ సీమ కొల్చారం వాడు. ఆధారం లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని ముందే మాటిచ్చి కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాశాడు. మొదటి మాట నేనూ ఇస్తాను. రెండోది ఇవ్వలేను. అక్కర్లేనిది తీసేస్తే ఈ మూలంలో చేప తప్ప ఏమీ మిగలదు.

ప్రతిపదార్థం

లైన్ కాట్ = గాలంతో పట్టినట్టిది. గాలమనగానే గట్టు మీద చుట్ట కాల్చుకుంటూ కూర్చున్న తాతను ఊహించుకోవాలని కవి హృదయం. సముద్రంలో ఆ 'లైన్' మైళ్ల పొడవున సాగే తాడు, దానికి వందలూ వేలూ గాలాలు. తాత లేడు. ఉన్నా, ఈ విశేషణం చేప ఎలా చచ్చిందో చెబుతుంది గాని ఎలా ఉంటుందో చెప్పదు.

నార్త్ సీ = ఉత్తర సముద్రపుది. ఇక్కడ చరిత్ర కొంత అవసరం. బ్రిటన్‌లో చిప్పీలు, అంటే ఫిష్ అండ్ చిప్స్ దుకాణాలు, వేయించే కాడ్, హాడక్ చేపల్లో చాలా భాగం ఐస్‌లాండ్, నార్వే జలాల నుంచి వస్తుంది. ఆ ఐస్‌లాండ్ జలాల కోసమే 1958కీ 1976కీ మధ్య మూడు 'కాడ్ యుద్ధాలు' జరిగాయి. బ్రిటన్ యుద్ధనౌకలు పంపింది. ఐస్‌లాండ్ చిన్న గస్తీ పడవలు పంపి, ట్రాలర్ల వెనక వలల తాళ్లు తెగ్గోయించింది. చివరికి 200 నాటికల్ మైళ్ల హద్దు ఐస్‌లాండ్‌కే దక్కింది. తాళ్లు కోసినవాడు నెగ్గిన యుద్ధం ఇదొక్కటేనేమో.

హాడక్ = హాడక్. ఇంగ్లండు దక్షిణాదివాళ్లు కాడ్ అంటే పడిచస్తారు, యార్క్‌షైర్‌వాళ్లు హాడక్ తప్ప ముట్టరు. ఈ చేప మొప్ప వెనక నల్లటి మచ్చ ఉంటుంది. అది సెయింట్ పీటర్ బొటనవేలి ముద్ర అని అక్కడి ఐతిహ్యం. మన ఉడుత వీపు మీద రాముడి వేళ్లలాగన్నమాట. ఉడుతను చూస్తే గుర్తు కనబడుతుంది. ఈ చేపకు మాత్రం తోలు ఒలిచి పిండి తొడిగేశారు. అది హాడకే అనడానికి అట్ట మీది అక్షరమే ప్రమాణం. దీన్నే శబ్దప్రమాణం అంటారు.

క్రాఫ్ట్ ఏల్ బ్యాటర్ = బీరు కలిపిన పిండితో కూడినది. బీరులోని గాలి బుడగల వల్ల తొడుగు గుల్లగా, కరకరలాడుతూ వస్తుంది. ఆ గుల్ల లోపల చేప తన ఆవిరికి తానే ఉడుకుతుంది. నిజంగా గొప్ప ఉపాయం, దాన్ని వెక్కిరించను. కానీ ఆ బుడగ క్రాఫ్ట్ ఏల్‌దా, మామూలు సీసా బీరుదా, సోడాదా అని నాలుక ఎలా కనిపెడుతుంది?

ట్రిపుల్ కుక్డ్ హ్యాండ్ కట్ చిప్స్ = మూడుమార్లు వండినవి, చేత్తో తరిగినవి. ముందు నీళ్లలో ఉడికించి ఆరబెట్టి, ఆపైన తక్కువ వేడి మీద ఒకసారి, ఎక్కువ వేడి మీద ఇంకోసారి వేయిస్తారు. హెస్టన్ బ్లూమెంటాల్ అనే వంటవాడు 1990లలో కట్టుదిట్టం చేసిన పద్ధతి. సరిగ్గా చేస్తే పైన గాజు, లోపల వెన్న. నాకు వచ్చినవి తొమ్మిది. ఒకదాని ముఖం ఒకటి చూడకుండా పేర్చి ఉన్నాయి. నవగ్రహాలు. అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటుంది స్థాలీపులాక న్యాయం. ఆ న్యాయం ఇక్కడ చెల్లదు. మొదటిది కరకరమంది, రెండోది వేలాడింది, శని దగ్గరికొచ్చేసరికి చల్లారిపోయింది.

క్రష్డ్ మింటెడ్ పీస్ = పుదీనాతో మెదిపిన బఠానీలు. అసలుది మషీ పీస్: ముదిరిన మారోఫ్యాట్ బఠానీలను రాత్రంతా సోడా వేసి నానబెట్టి ఉడికించిన ముద్ద. మన ముద్దపప్పుకు వేలు విడిచిన చుట్టం.

హౌస్ టార్టార్ = స్పష్టము. (వ్యాఖ్యాతలు స్పష్టమని రాసిన చోటల్లా వాళ్లకూ తెలియలేదని విద్యార్థి గ్రహించాలి.)

ఆన్ స్లేట్ = పలక మీద.

ఇక్కడ కాసేపు ఆగాలి. సంస్కృత ఫలకం తెలుగులో పలక అయింది. నా మొదటి పలక మార్కాపురం పలక. అక్కడి కొండల్లోంచి పొరలు పొరలుగా చీలే నల్లరాయి రాష్ట్రమంతటి పిల్లలకూ అఆలు నేర్పింది. ఇప్పుడు అక్షరాభ్యాసం నాడు తప్ప రాతిపలక ముట్టేవాడు తక్కువ, ఆ రాయి గచ్చు బండలుగా విదేశాలకు వెళుతుంది. అక్షరాభ్యాసం రోజున బియ్యంలో 'ఓం నమః శివాయ' దిద్దించాక నాన్న కొత్త పలక చేతికిచ్చాడు. బలపం కొత్తదైతే కీచుమనేది, పళ్లు పులిసేవి. పలక తెల్లబడితే బొగ్గూ ఆకు పసరూ కలిపి రుద్ది ఎండలో పెట్టేవాళ్లం. ఉమ్మితో తుడిస్తే మేష్టారు వీపు పగలగొట్టేవారు. కాలు తగిలితే కళ్లకద్దుకోవాలి. అన్నం తినేటప్పుడు పలక పక్కన ఉంటే అమ్మ దూరంగా జరిపేది, ఎంగిలి పడుతుందని. వేల్స్ దేశంలో ఇలాంటి రాయికే పెద్ద చరిత్ర ఉంది. బెథెస్డా దగ్గరి పెన్రిన్ గనిలో కార్మికులు 1900 నుంచి 1903 దాకా మూడేళ్లు సమ్మె కట్టారు. ఇంగ్లండు ఇళ్ల కప్పులకు ఆ రాయి ఎక్కింది. ఆ గనుల సీమను 2021లో యునెస్కో వారసత్వ స్థలంగా గుర్తించింది. వాన నీళ్లు నిలవకుండా జారిపోతాయి కనకనే ఆ రాయిని కప్పుకు వాడతారు.

ఆ మాట మళ్లీ చదవండి. నీళ్లు నిలవకుండా జారిపోతాయి. నా పలకకు చుట్టూ చెక్క చట్రం ఉండేది. పబ్బు పలకకు అంచే లేదు. వినిగర్ చల్లగానే అది చేప మీదినుంచి పలక మీదికి, పలక మీదినుంచి బల్ల మీదికి, బల్ల మీదినుంచి నా ప్యాంటు మీదికి వచ్చింది. వెనకాలే రెండు బఠానీలు. చేప కింద ఆవిరి పోయే దారి లేక తొడుగు అడుగు నానిపోయింది. కరకరలాడడానికే బీరు పోశారు కదా, మరి చల్లటి రాతిమీద ఎందుకు పడుకోబెట్టారు? "బాబూ, ఒక ప్లేటివ్వగలరా?" అని అడిగితే, ఇది మా ప్లేటింగ్ అన్నాడు ఆ కుర్రాడు. ప్లేటు లేకుండా చేసే పనికి ఆ పేరట.

22 = ఇరవైరెండు. సంఖ్య ఉంది, సంఖ్యేయం లేదు. పౌండు గుర్తు వేయడం మోటుతనమని ఈ కవుల అభిప్రాయం. ఏమిటి ఇరవైరెండు? చిప్సా? అవి తొమ్మిదే. బిల్లు వచ్చాక అధ్యాహారం చేసుకున్నాం.

తాత్పర్యం

మీమాంసకులు వేదవాక్యాలను విధి అనీ, అర్థవాదం అనీ విడదీస్తారు. విధి పని చెబుతుంది. అర్థవాదం పొగుడుతుంది. పై మూలమంతా అర్థవాదమే. చేపను పట్టిన తాడు చెప్పారు, సముద్రం చెప్పారు, బీరు కులం చెప్పారు, దుంప తరిగింది చెయ్యి అని చెప్పారు, పుదీనా చెప్పారు, రాయి చెప్పారు. దేంట్లో వేయించారో చెప్పలేదు.

మా ఆవిడ నాలుగు ముక్కలు తిన్నాక అల్లుడికి అనుమానం వచ్చి కుర్రాణ్ని అడిగాడు. వాడు లోపలికెళ్లి వచ్చి, ఎంతో గర్వంగా, బీఫ్ డ్రిప్పింగ్ అండీ, అసలు సిసలు సంప్రదాయం అన్నాడు. గొడ్డు కొవ్వు. నిజమే, యార్క్‌షైర్ సంప్రదాయం అదే, రుచి దానివల్లనే అని అక్కడివాళ్లు ఒట్టేసి చెబుతారు. తినేవాళ్లతో నాకు తగాదా లేదు. మా ఇంట్లో తినం, అంతే. మా ఆవిడ ఏమీ అనలేదు. ఫోర్కు పక్కన పెట్టి, నీళ్లు తాగి, కిటికీలోంచి గొర్రెల్ని చూస్తూ కూర్చుంది. అల్లుడు ఎర్రబడ్డ మొహంతో మళ్లీ మళ్లీ "సారీ అత్తయ్యగారూ" అన్నాడు. తప్పు అతనిదా?

అట్ట అడుగున చిన్న అక్షరాల్లో అలర్జీల పట్టిక ఉంది. ఆ దేశపు చట్టం 14 పదార్థాలు చెప్పి తీరాలంటుంది: ఆవాలు, నువ్వులు, సెలరీ, లూపిన్ గింజలతో సహా. మంచి చట్టం. కొవ్వు అలర్జీ కాదు కనక అందులో రాదు. చట్టం అడగనిది చెప్పడానికి పైన బోలెడు చోటుంది, క్రాఫ్ట్ అన్న మాట తీసేస్తే సరిపోయేది.

పాఠభేదాలు

మర్నాడు లీడ్స్‌లో వీధి చివరి చిప్పీకి నడిచాం. కిటికీలో పాత బోర్డు: ఫ్రయింగ్ టునైట్. రెండు మాటలు. క్రియ ఉంది, కాలం ఉంది, ఆకాంక్ష తీరింది. పాణిని చూస్తే ఒక అర్ధమాత్ర కూడా తగ్గించలేకపోయేవాడు. దాని కింద ఇంకో కాగితం: మేం బీఫ్ డ్రిప్పింగ్‌లో వేయిస్తాం. చదువుకుని దణ్ణం పెట్టి ముందుకు పోయాం. రెండు వీధుల అవతల ఇంకో దుకాణంలో నూనె. గల్లా దగ్గరి పెద్దావిడ "సాల్ట్ అండ్ వినిగర్, లవ్?" అని మా ఆవిణ్ని అడిగింది. లవ్ అంటే అక్కడ అమ్మా, తల్లీ అన్నట్టు. వేగిన పిండి తునకలు, స్క్రాప్స్ అంటారు, బూందీలా ఉంటాయి, అడిగితే ఊరికే వేసింది. పొట్లం వేడి చేతికి తగులుతుంటే గోడ మీద కూర్చుని తిన్నాం. రెండో ప్రపంచయుద్ధంలో మాంసం, వెన్న, పంచదార అన్నీ రేషనయినా దీన్ని మాత్రం రేషన్‌లో పెట్టలేదట. ఎందుకో ఆ గోడ మీద అర్థమైంది.

సీసాలోది వినిగరేనా అన్నది వేరే విచారం. చాలా చిప్పీల్లో ఉండేది అసిటిక్ యాసిడ్, నీళ్లు, రంగు కలిపిన ద్రవం. పులియబెట్టింది కాదు కనక వినిగర్ అని అమ్మకూడదు, నాన్ బ్రూడ్ కాండిమెంట్ అనాలి. పులుపుంది కనక వినిగర్ అంటే అది సవ్యభిచార హేతువు, చింతపండులోనూ పులుపుంది. ఎడిన్‌బరోలో అయితే వినిగర్ కాదు, గోధుమరంగు సాస్ చల్లుతారు. గ్లాస్గోవాళ్లు దానికి నవ్వుతారు. విట్బీ రేవులో బెంచీ మీద కూర్చున్నప్పుడు ఒక సముద్రపు కాకి నా చేతిలోంచి చిప్ ఎత్తుకుపోయింది. అది మెనూ చదవలేదు.

ఇక పుట్టుపూర్వోత్తరాలు. వేయించిన చేప స్పెయిన్, పోర్చుగల్ నుంచి వచ్చిన యూదులతో లండన్ చేరింది. దానికి చిప్స్ జతచేసి అమ్మిన మొదటివాడు 1860 ప్రాంతాల లండన్‌లోని జోసెఫ్ మాలినా, 1863 నాటి మాస్లీలోని జాన్ లీసా అని నేటికీ తగువే. పోతన ఒంటిమిట్టవాడా, బమ్మెరవాడా అని మనం తగువాడుకున్నట్టు.

విశాఖ పాఠం కూడా చూడాలి. తిరిగొచ్చాక బీచి రోడ్డులో ఒక హోటలు అట్ట మీద 'ఓషన్ ఫ్రెష్ బాసా ఫిష్ అండ్ చిప్స్' అని ఉంది. బాసా ఓషన్ చూసిన పాపాన పోలేదు. మెకాంగ్ నదిలో పుట్టిన ఆ జాతి చేపను మన కైకలూరు, ఆకివీడు చెరువుల్లో పెంచుతారు. రైతులు దాన్ని పిలిచే పేరు ఫంగస్. పంగాసియస్‌కు అది తద్భవం. ఆ పేరుతో అట్ట మీద వేస్తే మాత్రం నేను లేచి నిలబడి చప్పట్లు కొడతాను.

అందుకని ఇంట్లోనే చేయించాను. పండుగప్ప, ముళ్లు తీయించి. మైదాలో రెండు చెంచాల బియ్యప్పిండి, చల్లటి సోడా. వేరుశనగ నూనె. "ఇది ఏ రకం బ్యాటర్ అంటారు?" అని వంటింటి గుమ్మంలో నిలబడి అడిగాను. "పిండి," అంది మా ఆవిడ. "ఏ శైలి?" అన్నాను. జవాబు రాలేదు. అంచున్న స్టీలు కంచాలు తీసిన చప్పుడైంది.

విశేషాంశాలు ఇంకా చాలా ఉన్నాయి, గ్రంథవిస్తర భీతిచేత విరమిస్తున్నాను అని రాయబోతుండగా లోపల్నుంచి వినబడింది:

"చల్లారితే మెత్తబడిపోతుంది. వస్తారా, రారా?"