ఆటలో ఎవరు కలుపుకున్నారు?

నేనొక ప్రశ్నావళిని. నా పేరు కేప్. పుట్టిల్లు కెనడా. జిలియన్ కింగ్, మేరీ లా, మరికొందరు పరిశోధకులు నన్ను తీర్చిదిద్దితే 2004లో అచ్చయ్యాను. 6 ఏళ్ల నుంచి 21 ఏళ్ల దాకా పిల్లలతోనే నా పని. బొమ్మలు గీసిన కార్డులు నా ఒళ్లు. ఒక్కో కార్డు మీద పిల్లలు చేసే ఒక్కో పని, మొత్తం 55. గడిచిన 4 నెలల్లో ఇది చేశావా? ఎన్నిసార్లు? ఎవరితో? ఎక్కడ? ఎంత ఇష్టంగా? ఇవీ నేనడిగేవి.

వెన్నుపాము దెబ్బతిన్న పిల్లల దగ్గరికి నన్ను అమెరికా ఆసుపత్రుల్లో తీసుకెళ్లారు. కండరాల బలాన్నీ, స్పర్శనూ కొలిచే పరీక్షలు అక్కడ నాకంటే ముందే ఉన్నాయి. అవి కావలసినవే. కానీ కాళ్లలో పట్టు ఎంతో చెప్పే అంకె, ఆ బిడ్డను తోటిపిల్లలు ఆటలో కలుపుకున్నారో లేదో చెప్పదు.

చక్రాల కుర్చీలో కూర్చున్న ఆ పదేళ్ల పాప నాకింకా కళ్లముందే ఉంది. పార్టీ బొమ్మ చూపించగానే వాళ్లమ్మ, "చాలాసార్లు వెళ్లింది" అంది.

"తననే చెప్పనివ్వండి" అంది థెరపిస్టు మెల్లగా.

పాప నా కార్డు అంచును గోటితో గీకుతూ, "అవన్నీ దెబ్బ తగలకముందు. ఇప్పుడు ఒక్కసారే, నా ఫ్రెండు పుట్టినరోజుకి. వాళ్లింటికి నాలుగు మెట్లు. అందుకని అందరూ కేకు పట్టుకుని పెరట్లోకి వచ్చేశారు" అంది. ఎంత నచ్చిందని అడిగితే 5 మీద వేలు పెట్టింది.

4 నెలల్లో ఒక్కసారి అంటే నా లెక్కలో 1, అన్నిటికన్నా తక్కువ. ఇష్టంలో 5, అన్నిటికన్నా ఎక్కువ. పక్కపక్కనే ఉన్న ఆ రెండంకెల దగ్గర థెరపిస్టు కలం ఆగింది. పాపకు వెళ్లాలనే ఉంది, దారే లేదు. మెట్ల సంగతి రాయడానికి నాలో గడి లేదు. నా తర్వాత వచ్చిన పీఈఎం-సీవై అనే చెల్లెలు అలాంటి అడ్డంకుల్ని కూడా తల్లిదండ్రుల్ని అడుగుతుంది. ఆ రోజు మాత్రం థెరపిస్టు నా అంచునే 'నాలుగు మెట్లు' అని రాసుకుంది.

తర్వాత పాప చికిత్స కాగితంలో చేతుల వ్యాయామాల కింద ఇంకో వరుస చేరింది: 'ఫ్రెండు ఇంటి మెట్లకు వాలుబల్ల.'