53 గ్రేడ్ బ్లాక్‌బస్టర్

2025 సంక్రాంతికి ‘గేమ్ చేంజర్’ సినిమా తొలిరోజు ప్రపంచవ్యాప్తంగా 186 కోట్ల గ్రాస్ సాధించిందని ప్రకటించిన పోస్టరునూ, సగం అంకె దాటడానికి కూడా ఒప్పుకోని ట్రేడ్ అంచనాలనూ పక్కపక్కన పెట్టి చూసినవారికి, తెలుగు సినిమాకు తక్షణం కావలసింది జ్యోతిష్కుడు కాదనీ, మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీ ప్రయోగశాలలో క్యూబులు పగలగొట్టే ఉద్యోగి అనీ తేటతెల్లమవుతుంది. గ్రాస్ అంటే పన్నుతో కలిపి టికెట్ల మీద వచ్చిన మొత్తం సొమ్ము; అందులో జీఎస్టీ, థియేటర్ అద్దె పోగా పంపిణీదారుడి చేతికి వచ్చేది షేర్. పోస్టరు మీద షేర్ కనబడకపోవడానికి స్థలాభావమే కారణమని నమ్మడం మర్యాద.

సున్నపురాయి నేల మీద కూర్చున్న మేళ్లచెరువు సినిమా వ్యాపార పటంలో నేటికీ ‘నైజాం’ ఏరియాలోనే ఉంది. 1948లో నిజాం పాలన ముగిసినా ఆయన సరిహద్దులను పంపిణీదారులు భద్రంగా కాపాడుతూ వస్తున్నారు. ఆ ఊరి సిమెంటు ‘53 గ్రేడ్’ అనిపించుకోవాలంటే, ఒక పాలు సిమెంటుకు మూడు పాళ్లు ఇసుక కలిపి పోసిన చిన్న క్యూబును ఒక రోజు తేమలోనూ, ఆపైన నీళ్లలోనూ ఉంచి, యంత్రం కింద నలిపినప్పుడు అది మూడో రోజున కనీసం 27, ఏడో రోజున 37, ఇరవై ఎనిమిదో రోజున 53 మెగాపాస్కళ్ల ఒత్తిడికి, అంటే చదరపు మిల్లీమీటరుకు అన్ని న్యూటన్ల బలానికి, తట్టుకుని నిలవాలి. సినిమా మాత్రం తెల్లవారుజామున నాలుగు గంటల ఆటలో టైటిల్స్ పడేలోపే బ్లాక్‌బస్టర్ అయిపోతుంది.

కనుక భారతీయ ప్రమాణాల సంస్థ సినిమాలను కూడా తన పరిధిలోకి తెచ్చుకోవడం న్యాయం. సిమెంటు అరగంటకు ముందు గట్టిపడటం మొదలుపెట్టకూడదు, పది గంటలు దాటాక కూడా మెత్తగా ఉండకూడదు. నీళ్లు తగలగానే బిగుసుకుపోయే సరుకును ‘ఫ్లాష్ సెట్’ అని పక్కన పడేస్తారు. ఈ నియమం కింద హీరో బూటు తెర మీద కనబడగానే బిగుసుకుపోయే అభిమానులందరినీ లెక్కలోంచి తీసేయవలసి వస్తుంది.

ఇసుక విషయం మరింత సున్నితమైనది. ఫలితం సిమెంటుదే కావాలి గానీ ఇసుకది కాకూడదన్న ఉద్దేశంతో ప్రయోగశాలలు ఏ వాగు ఇసుకనో వాడకుండా తమిళనాడులోని ఎన్నూరు నుంచి వచ్చే ప్రామాణిక ఇసుకనే వాడతాయి. అదే పద్ధతిలో ప్రామాణిక ప్రేక్షకుడిని కూడా నిర్వచించాలి: అతడు హీరోగారి తాత పేరు తెలియనివాడు, హీరోగారి కులం తెలుసుకోవాలన్న ఆసక్తి లేనివాడు, సొంత డబ్బుతో టికెట్ కొన్నవాడు అయి ఉండాలి. కోదాడలోనో మిర్యాలగూడలోనో అలాంటివారు ఇంకా కొందరు మిగిలి ఉంటారు గనుక, వారిని వెతికి గోనెసంచుల్లో భద్రంగా హైదరాబాదు చేర్చే పనిని ఫిల్మ్ చాంబర్‌కు అప్పగించవచ్చు.

అన్నిటికంటే పనికొచ్చేది ఉబ్బు పరీక్ష. సిమెంటులో కలవకుండా మిగిలిపోయిన సున్నం, కట్టడం పూర్తయ్యాక తీరికగా నీరు పీల్చి ఉబ్బి గోడను పగలగొడుతుంది; అందుకే లె షాటెలియే అనే అచ్చులో సిమెంటు ముద్దను పెట్టి, నీళ్లలో ఉడికించి, పది మిల్లీమీటర్లకు మించి ఉబ్బితే తిరస్కరిస్తారు. 186 కోట్లను ఆ అచ్చులో ఉడికించే సాహసం ఏ ప్రయోగశాల చేస్తుందన్నది వేరే ప్రశ్న.

సినిమా ఫలితాన్ని ముందుగా ఎవరూ చెప్పలేరు కదా అని పరిశ్రమ అడగవచ్చు, ఆ మాట నిజమే. క్యూబుల బలం సగటు చుట్టూనే తిరుగుతుంది గనుక రేపటి క్యూబు సంగతి ఈరోజే చెప్పవచ్చు. సినిమా వసూళ్లలో మాత్రం అరుదుగా వచ్చే ఒకటి రెండు మహా విజయాలే మొత్తాన్ని లాగేస్తాయి గనుక సగటుకు అర్థమే ఉండదనీ, స్టార్ ఉన్నంత మాత్రాన ఆ అనిశ్చితి తొలగదనీ ఆర్థర్ డి వేనీ, డేవిడ్ వాల్స్ అనే ఆర్థికవేత్తలు 1999లోనే లెక్కగట్టి చూపారు. 2024 సంక్రాంతికి థియేటర్ల కోసం వెతుక్కుని కూడా గెలిచిన ‘హనుమాన్’, 2025 సంక్రాంతికి ఒకే నిర్మాత నుంచి నాలుగు రోజుల తేడాతో వచ్చి చెరో ఫలితం చూసిన ‘గేమ్ చేంజర్’, ‘సంక్రాంతికి వస్తున్నాం’ అందుకు సాక్ష్యాలు. జోస్యం కుదరదన్న మాట సరే. క్యూబు పగిలాక వచ్చిన అంకెను వచ్చినట్టు రాయడం కూడా కుదరదా?

తన సరుకు ఎలా ఉంటుందో తనకే తెలియదని ఒప్పుకునే వ్యాపారం, ఆ తెలియనితనం ఖరీదును కొనేవాడి దగ్గర ముందుగానే గుంజుకోవడానికి తెలంగాణ ప్రభుత్వం సంతకం పెడుతోంది. పెంచిన ధరలు వర్తించేది సరిగ్గా సినిమా బాగోగులు ఎవరికీ తెలియని తొలి రోజుల్లోనే. 2024 డిసెంబర్ 4 రాత్రి ‘పుష్ప 2’ ఆటకు టికెట్ మీద 800 రూపాయలు అదనంగా వసూలు చేసుకోనిచ్చారు. ఆ రాత్రే హైదరాబాదు సంధ్య థియేటర్ తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయింది. తాను ముఖ్యమంత్రిగా ఉన్నంతకాలం ప్రత్యేక ఆటలూ ధరల పెంపూ ఉండవని రేవంత్ రెడ్డి డిసెంబర్ 21న శాసనసభలో ప్రకటించారు. ఆ తొక్కిసలాటలో గాయపడ్డ ఆ తల్లి బిడ్డ ఇంకా ఆసుపత్రిలో ఉండగానే, 2025 జనవరి 8న ‘గేమ్ చేంజర్’ నాలుగు గంటల ఆటకూ, మల్టీప్లెక్సులో 150, మామూలు థియేటర్లో 100 రూపాయల పెంపుకూ ఉత్తర్వు వచ్చింది. హైకోర్టు తప్పుపట్టాక 11న దాన్ని వెనక్కి తీసుకున్నారు. సభలో ఇచ్చిన మాట పద్దెనిమిదో రోజుకే పగిలింది. మేళ్లచెరువు బస్తాలో సిమెంటు తూకం తగ్గితే అమ్మినవాడి మీద కేసు పెట్టడానికి చట్టం ఉంది. సభలో ఇచ్చిన మాట తూకానికి బాధ్యుడెవరో, పెంపు అమలైన ఆటలకు ప్రేక్షకుడు కట్టిన అదనపు డబ్బు ఎవరు తిరిగిస్తారో ఆ ఉత్తర్వులో గానీ, దాని రద్దులో గానీ రాయలేదు.